ఇంటి లోన్ పాఠాలు – 2: ముందు మ్యాప్, తర్వాతే ఇల్లు

మొదటి పాఠంలో అమెరికా వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ, గ్యారంటీ ఇచ్చే ఇంటి లోన్ గురించి చెప్పుకున్నాం. డౌన్ పేమెంట్ అక్కర్లేదు, 30 ఏళ్ల ఫిక్స్‌డ్ వడ్డీ, గ్యారంటీ ఫీజు 1 శాతం. సిటిజన్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఇస్తారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. ఈ లోన్ యూఎస్‌డీఏ లెక్కలో పల్లె ప్రాంతంగా ఉన్నచోటి ఇళ్లకే వస్తుంది. ఇవాళ్టి పని ఒక్కటే, అలాంటి ఇల్లు వెతకడం.

మనవాళ్లలో ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇల్లు చూసి, వంటగది నచ్చి, పూజగదికి మూల కూడా ఎంచుకున్నాక "దీనికి ఆ లోన్ వస్తుందా?" అని అడుగుతారు. మాకు తెలిసిన ఒకాయన ఇంటి ప్రకటనలో 'యూఎస్‌డీఏ అర్హత ఉంది' అని చూసి ఇన్‌స్పెక్షన్‌కు డబ్బు కట్టేశాడు. తీరా యూఎస్‌డీఏ మ్యాప్ చూస్తే ఆ చిరునామా లోన్ వర్తించే ప్రాంతం హద్దు గీతకి అవతల ఉంది. ప్రకటన రాసినవాళ్లు పక్క కాలనీ గురించి విన్నది రాసేశారు. ప్రకటనలో మాటని ఆచూకీగా తీసుకోండి, అంతే. రుజువు మాత్రం మ్యాప్‌లోనే చూసుకోవాలి.

మ్యాప్ ఎక్కడుంది? గూగుల్‌లో 'యూఎస్‌డీఏ ఎలిజిబిలిటీ' అని కొడితే వస్తుంది. అడ్రస్ చివర డాట్ గవ్ ఉన్నదే తెరవండి, మీ ఫోన్ నంబర్ అడిగే సైట్లు లోన్ అమ్మేవాళ్లవి. ప్రాపర్టీ ఎలిజిబిలిటీ కింద 'సింగిల్ ఫ్యామిలీ హౌసింగ్ గ్యారంటీడ్' నొక్కండి, షరతులకు ఒప్పుకోండి, చిరునామా కొట్టండి. ఇక్కడే చాలామంది తికమకపడతారు: రంగు వేసి ఉన్న ప్రాంతం పనికిరానిది, రంగు లేనిదే పనికొచ్చేది.

కొత్త వెంచర్లలో చిరునామా ఒక్కోసారి దొరకదు. టెన్షన్ పడకండి. దగ్గర్లోని పాత రోడ్డు పేరు కొట్టి, మ్యాప్‌ని దగ్గరకు లాగి, స్థలం గీతకి ఎటువైపు ఉందో చూడండి. గీత కొన్నిచోట్ల రోడ్డు మధ్యలోంచి పోతుంది. ఎడమవైపు ఇంటికి లోన్ వస్తుంది, ఎదురింటికి రాదు.

ఇంతకీ పల్లె అంటే ఏమిటి? మనకు పల్లె అంటే రచ్చబండ, చెరువు గట్టు గుర్తొస్తాయి. వీళ్ల లెక్క ప్రధానంగా జనాభా లెక్క. పెద్ద ఊరికి అతుక్కోకుండా, పల్లె వాతావరణం ఉండి, 10 వేల లోపు జనం ఉంటే చాలావరకు పల్లె కిందే లెక్క. మెట్రో ప్రాంతం బయట, ఇంటి లోన్లు దొరకడం కష్టమైన ఊరైతే 20 వేల వరకు ఒప్పుకుంటారు. ఇదివరకు పల్లెగా గుర్తింపు ఉండి తర్వాత పెరిగిన ఊళ్లకు 35 వేల వరకు సడలింపు ఉంది. అందుకే వాల్‌మార్ట్, స్టార్‌బక్స్ ఉన్న ఊరు కూడా అర్హమైనదే కావచ్చు.

డాలస్ వైపు ఉన్నవాళ్లు ఫ్రిస్కో, ప్లేనో గురించి మర్చిపోండి. ఫ్రిస్కో జనాభా 2020లోనే 2 లక్షలు దాటింది. అక్కణ్నుంచి ఉత్తరానికి గంటర్, వాన్ ఆల్‌స్టైన్ లాంటి ఊళ్ల చిరునామాలు కొట్టి చూస్తూ పోండి. నా పద్ధతి ఇదీ: ఆఫీసు నుంచి 45 నిమిషాల డ్రైవ్ వరకు కాగితం మీద ఒక వలయం గీసుకుని, అందులో రంగు లేని ఊళ్ల పేర్లు రాసుకోవడం. ఇళ్ల సైట్లు తెరిచేది ఆ తర్వాతే. గుడి ఎంత దూరమో కూడా రాసుకోండి, ఇంట్లో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ఊరు సరిపోతే సగం పని అయినట్టు. మిగతా సగం ఆ ఇల్లే. అందులో మీరే ఉండాలి, కొని అద్దెకిచ్చే ఆలోచన ఉంటే ఈ లోన్ వద్దు. ఆదాయం తెచ్చే పొలం కొనడానికి కూడా ఇది పనికిరాదు. ఐదెకరాలు తీసుకుని నాలుగు గేదెలు పెట్టి పాలు అమ్ముదామని ఉందా? కుదరదు. స్థలం కాస్త పెద్దదైతే ఇబ్బంది లేదు, ఆ చుట్టుపక్కల ఇళ్ల తీరులో ఉండి, దానిమీద వ్యాపారం నడవకపోతే చాలు. బావి నీళ్లయితే పరీక్ష చేయించాలి. సెప్టిక్ ట్యాంకు, ఇంటిదాకా వచ్చే దారి కూడా చూస్తారు. వాటి సంగతి మూడో పాఠంలో.

ఆదాయం గురించి ఒక్క మాట, మళ్లీ చెబుతున్నందుకు విసుక్కోకండి. లోన్ కాగితం మీద పేరు లేకపోయినా ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి సంపాదనా లెక్కలోకి వస్తుంది. 2025లో చాలా కౌంటీల్లో నలుగురి వరకు ఉన్న ఇంటికి ఏడాది ఆదాయ పరిమితి 1,19,850 డాలర్లు. ఇద్దరూ ఐటీలో ఉంటే చాలాసార్లు ఇక్కడే ఆగిపోతారు. ఒక్కరి జీతంతో నడిచే ఇళ్లకే ఇది బాగా పనికొస్తుంది. అదే సైట్‌లో ఆదాయం లెక్కవేసే పేజీ కూడా ఉంది.

మ్యాప్ సరే అన్నా తుది నిర్ణయం యూఎస్‌డీఏ వాళ్ల రూరల్ డెవలప్‌మెంట్ ఆఫీసుదే, పూర్తి దరఖాస్తు చూశాకే చెబుతారు. పైగా సమీక్ష జరిగినప్పుడు గీతలు జరుగుతాయి, కాబట్టి ఆరు నెలల కింద తీసిన స్క్రీన్‌షాట్‌ని నమ్ముకోకండి.

ఈ వారం ఇంటిపని: మీరిప్పుడున్న ఇంటి చిరునామా, పక్క ఊళ్లో అమ్మకానికున్న ఒక ఇల్లు, అరగంట దూరంలో మరొకటి. మూడూ మ్యాప్‌లో కొట్టి, ఏది ఎటువైపు పడిందో తేదీతో సహా రాసిపెట్టుకోండి. రెండోదీ మూడోదీ రంగులోనే పడితే మరో పది మైళ్లు బయటికి వెళ్లి మళ్లీ కొట్టండి.