కోడ్‌తో మ్యాపులు – 3వ భాగం: ఒక్క స్టైల్ లైను మారిస్తే ఏమవుతుంది?

పోయిన భాగంలో క్లౌడ్‌ఫార్మేషన్ టెంప్లేటు రాసి ఒక స్టోరేజ్ బకెట్ కట్టాం, కూల్చాం. క్లౌడ్‌ఫార్మేషన్ అంటే, మనకు కావాల్సినవి ఒక ఫైల్లో (అదే టెంప్లేటు) రాసి ఇస్తే అమెజాన్ క్లౌడ్‌లో వాటిని కట్టిపెట్టే సాధనం; అలా కట్టే ఒక్కొక్కటీ ఒక రిసోర్సు. ఈసారి అదే పద్ధతిలో, యాప్‌లకు మ్యాపులు అందించే అమెజాన్ లొకేషన్ సర్వీసులో ఒక మ్యాపు. మన నమూనా యాప్ పాతదే. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగే పాల వ్యాన్లు ఎక్కడున్నాయో చూపించాలి.

ముందుగా ఒక మాట. 2024 నవంబరులో అమెజాన్ ఈ సర్వీసును బాగా మార్చింది. మ్యాపు రిసోర్సు అంటూ ఏదీ సృష్టించకుండానే నేరుగా మ్యాపు తెప్పించుకునే కొత్త ఏపీఐలు (యాప్ సర్వీసును అడిగే దారులు) వచ్చాయి. ఈ రోజు కొత్తగా యాప్ మొదలుపెట్టేవాళ్ళు ముందు వాటినే చూడాలి. కానీ అంతకుముందు కట్టిన యాప్‌లు బోలెడు నడుస్తున్నాయి, వాటిని చూసుకునే ఉద్యోగం మీకే రావచ్చు. పైగా ఈ చిన్న రిసోర్సులో నేర్చుకునే చిక్కు డేటాబేసు దగ్గరా, క్యూ దగ్గరా మళ్ళీ ఎదురవుతుంది.

టెంప్లేటు ఇది. చదవడానికి వీలుగా తెలుగులో రాశాను. ఫైల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి, ప్రతి మాటకూ మొదటి అక్షరం పెద్దది; ఏడబ్ల్యూఎస్, ఐఎన్‌డీ మాత్రం పూర్తిగా పెద్ద అక్షరాల్లో.

రిసోర్సెస్:
  పాలవ్యాన్‌మ్యాప్:
    టైప్: ఏడబ్ల్యూఎస్::లొకేషన్::మ్యాప్
    ప్రాపర్టీస్:
      మ్యాప్‌నేమ్: పాల-వ్యాన్-01
      కాన్ఫిగరేషన్:
        స్టైల్: వెక్టర్‌ఎస్రినావిగేషన్
        పొలిటికల్‌వ్యూ: ఐఎన్‌డీ

లోపలికి జరిపిన ప్రతి మెట్టుకూ రెండు స్పేసులు. ట్యాబ్ కొడితే యామల్ (ఈ ఫైలు రాసే పద్ధతి పేరు అది) ఒప్పుకోదు. మ్యాప్‌నేమ్‌లో అక్షరాలు, అంకెలు, అడ్డగీత, చుక్క, అండర్‌స్కోర్ పనికొస్తాయి. స్పేసు పనికిరాదు. ప్రైసింగ్ ప్లాన్ అనే లైను పాత ఉదాహరణల్లో కనిపిస్తుంది, ఇప్పుడు దాని అవసరం లేదు.

టెంప్లేటు చివరి లైను, పొలిటికల్‌వ్యూ దగ్గర కాసేపు ఆగుదాం. సరిహద్దులు ఏ దేశం చూపించినట్టు గీయాలో చెప్పేది అది. మన పాల వ్యాన్లు తెనాలి పొలిమేర దాటవు, కశ్మీర్ సరిహద్దుతో మనకేం పని అనుకుంటాం. చూసేవాళ్ళు రెండు వేళ్ళతో జూమ్ తగ్గించుకుంటూ పోతే దేశం మొత్తం కనిపిస్తుంది. ఆ లైను రాయకపోతే వచ్చేది అంతర్జాతీయ వాడుకకు గీసిన మ్యాపు. అందులో మన సరిహద్దులు మన ప్రభుత్వం చూపించినట్టు ఉండవు. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులతో సరిపోలని భారతదేశ పటాన్ని ప్రచురిస్తే 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి మన దేశంలో వాడే మ్యాపుకు ఐఎన్‌డీ అని మొదటి రోజే రాసేయండి. ఈ సదుపాయం అన్ని స్టైళ్ళకూ లేదు. పైన నావిగేషన్ స్టైల్ తీసుకున్నది అందుకే.

టెంప్లేటును ముంబయి రీజియన్‌లో డిప్లాయ్ చేయండి, అంటే క్లౌడ్‌ఫార్మేషన్‌కు ఇచ్చి కట్టించండి. కమాండ్ పోయిన భాగంలో వాడినదే. నిమిషం లోపే పని అయిపోతుంది.

ఇప్పుడు అసలు పాఠం. నెల తర్వాత ఎవరో వచ్చి, "రాత్రిపూట డ్రైవర్లకు కళ్ళు జిగేల్‌మంటున్నాయి, ముదురు రంగు మ్యాపు పెట్టండి" అంటారు. మీరు స్టైల్ లైనులో వెక్టర్‌ఎస్రిడార్క్‌గ్రేకాన్వాస్ అని రాసి (దానికి ఐఎన్‌డీ సదుపాయం ఉందో లేదో ముందు చూసుకోవాలి) డిప్లాయ్ కొడతారు. ఎర్ర అక్షరాలు వస్తాయి. సొంత పేరు పెట్టిన రిసోర్సును తీసేసి కొత్తది పెట్టాల్సి వస్తోంది, పేరు మార్చి మళ్ళీ ప్రయత్నించు అని దాని సారాంశం.

కారణం ఏమిటంటే, ఒకసారి సృష్టించిన మ్యాపుకు స్టైల్ మార్చే దారి ఆ సర్వీసులోనే లేదు. వివరణ మార్చొచ్చు, ట్యాగులు మార్చొచ్చు, స్టైల్ మాత్రం కుదరదు. అందుకని క్లౌడ్‌ఫార్మేషన్ కొత్త మ్యాపు కట్టి, అది నిలబడ్డాక పాతదాన్ని కూలుస్తుంది. కొత్త ఇల్లు లేచేదాకా పాత ఇల్లు అక్కడే ఉంటుంది కదా, ఒకే డోర్ నంబరు రెండింటికీ ఎలా ఇస్తారు?

సరే, పేరు 02 అని మారుద్దాం. నేనూ ఒకప్పుడు ఒక క్లయింటు పనిలో అదే చేశాను. డిప్లాయ్ పచ్చగా పూర్తయింది. వెబ్‌సైటు తెరిచి చూశాను, మ్యాపు ముదురు రంగులో ముచ్చటగా ఉంది. హాయిగా పడుకున్నాను. తెల్లవారుజామున ఫోను. డ్రైవర్ల ఫోన్లలో మ్యాపు ఉండాల్సిన చోట తెల్ల కాగితం. వెబ్‌సైటు మ్యాపు పేరును సర్వరు నుంచి తీసుకుంటోంది, కాబట్టి దానికి కొత్త పేరు అందింది. ఫోను యాప్‌లో మాత్రం పాత పేరు కోడ్‌లోనే రాసి ఉంది, ఆ పేరుతో మ్యాపేమో లేదు. టెన్షన్‌లో పాత పేరుతో ఇంకో మ్యాపు కట్టి ఆ పూట గట్టెక్కాను. అందరి ఫోన్లలో యాప్ అప్‌డేట్ అయ్యేదాకా అది అలాగే ఉండిపోయింది.

అప్పట్లో నాకు తెలియని లైను ఒకటుంది: అప్‌డేట్‌రీప్లేస్‌పాలసీ: రిటైన్. దాన్ని టైప్ అన్న మాటకు సరిగ్గా కింద, అదే వరసలో రాయాలి. ప్రాపర్టీస్ లోపల రాస్తే చెల్లదు. ఇది ఉంటే కొత్త మ్యాపు వచ్చినా పాతది బతికే ఉంటుంది. దీని తోబుట్టువు డిలీషన్‌పాలసీ: రిటైన్. రిసోర్సును టెంప్లేటు నుంచి తీసేసినప్పుడు, లేదా స్టాక్ (ఒక టెంప్లేటుతో కట్టినవన్నీ కలిపి) మొత్తం డిలీట్ చేసినప్పుడు కాపాడేది అది. రెండూ వేరువేరు సందర్భాలకు, ఒకటి రాస్తే రెండోది వచ్చినట్టు కాదు. నేనైతే రెండూ రాస్తాను.

అలా మిగిలిన పాత మ్యాపు ఇక స్టాక్ లెక్కలో ఉండదు, పని తీరాక చేత్తోనే తీసేయాలి. ఖర్చు గురించి బెంగ వద్దు. ఇక్కడ బిల్లు వచ్చిన అభ్యర్థనలకే, ఊరికే పడి ఉన్న మ్యాపుకు కాదు.

మ్యాపు పేరును యాప్ కోడ్‌లో రాయకండి. టెంప్లేటు అడుగున అవుట్‌పుట్స్ అనే భాగం పెట్టి, అందులో మ్యాపును రెఫ్‌తో పిలిస్తే పేరు వస్తుంది, గెట్‌అట్‌తో ఆర్న్ అడిగితే పూర్తి చిరునామా వస్తుంది. సర్వరు అక్కడి నుంచి తీసుకుని ఫోనుకు ఇస్తుంది.

ఇంకో అలవాటు చేసుకోండి. డిప్లాయ్ కమాండ్ చివర నో-ఎగ్జిక్యూట్-చేంజ్‌సెట్ అనే ఆప్షన్ తగిలిస్తే ఏదీ మారదు, మారబోయేవాటి పట్టీ మాత్రం తయారవుతుంది. కన్సోల్‌లో ఆ చేంజ్‌సెట్ తెరిచి రీప్లేస్‌మెంట్ అనే గడి చూడండి. ట్రూ అని ఉంటే చెయ్యి కీబోర్డు మీద నుంచి తీసి, ఆ పేరును ఎవరెవరు వాడుతున్నారో కనుక్కోండి.

ఇంటిపని: మ్యాపుకు డిస్క్రిప్షన్ అనే లైను చేర్చి చేంజ్‌సెట్ తయారుచేయండి. దాన్ని వదిలేసి, ఈసారి స్టైల్ లైను మార్చి ఇంకొకటి తయారుచేయండి. రెండింటిలో రీప్లేస్‌మెంట్ గడిలో ఏముందో రాసి పెట్టుకోండి, ఏదీ అమలు చేయకండి. స్టాక్‌ను కూల్చకండి కూడా. వచ్చే భాగంలో ఈ మ్యాపును మన వెబ్‌సైటు ఒక్కటే తెరవగలిగేలా ఏపీఐ కీ (ఒక తాళంచెవి లాంటిది) కడతాం, దానికి ఈ మ్యాపు ఆర్న్ కావాలి.