ఖరీదైన కంప్యూటర్, మొండి సర్వీస్ సెంటర్: వారంటీ సమస్యలు, పరిష్కారాలు

ఎంత డబ్బు పోసి కొన్నా, కొన్ని కంప్యూటర్లు ఫ్యాక్టరీ నుంచే ఏదో ఒక లోపంతో వస్తాయి. అది ఎవరి చేతిలోనూ లేదు. మనిషి ప్రాణం తీసేది ఆ తర్వాతి తతంగం: లోపం ఉందని కంపెనీ చేత ఒప్పించడం. అందుకే ఇక్కడ రిపేర్ గురించి తక్కువ, సర్వీస్ వాళ్లు చెప్పే జవాబుల గురించి ఎక్కువ ఉంటుంది. మీకు ఏ జవాబు ఎదురైందో నేరుగా ఆ శీర్షిక దగ్గరికి వెళ్లిపోండి.

ఏ కేసుకైనా మూడు చేతిలో ఉండాలి: బిల్లు, సీరియల్ నంబర్, మీరు కొన్ననాటి వారంటీ షరతుల కాపీ. సీరియల్ నంబర్ బిల్లు మీద, మెషీన్ అడుగున, బయాస్ స్క్రీన్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగ్స్ తెర) ఒకేలా ఉందో లేదో చూసుకోండి. షరతుల్లో ముఖ్యంగా చూడాల్సింది, సర్వీస్‌కి మెషీన్ మనమే మోసుకెళ్లాలా లేక వాళ్లే వస్తారా, ఏ భాగానికి ఎంత గడువు అన్నది. డబ్బా మీద మూడేళ్లని పెద్ద అక్షరాల్లో ఉన్నా, బ్యాటరీకి మాత్రం ఏడాదే ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి.

"మాకు సంబంధం లేదు, కంపెనీతో మాట్లాడుకోండి"

లక్షణం: కొన్న కొద్ది రోజులకే స్క్రీన్ మీద గీతలు, లేదా అసలు ఆన్ కావడం లేదు. అమ్మినవాళ్లు చేతులు దులిపేసుకుంటున్నారు.

కారణం: వెనక్కి తీసుకుంటే ఆ మెషీన్‌ని వాళ్లు మళ్లీ కొత్తదిగా అమ్ముకోలేరు. సర్వీస్ సెంటర్‌కి పంపిస్తే ఈలోపు రిటర్న్ గడువు దాటిపోతుంది. అది వాళ్లకూ తెలుసు.

పరిష్కారం: సర్వీస్ సెంటర్‌కి వెళ్లకముందే అమ్మినవాళ్లకి ఈమెయిల్ పెట్టండి. ఫోన్ కాదు, ఈమెయిల్. బిల్లు నంబర్, లోపం కనిపించిన తేదీ, వీడియో, "నాకు రిపేర్ వద్దు, కొత్త పీస్ గానీ డబ్బు గానీ కావాలి" అన్న స్పష్టమైన మాట. జవాబు వచ్చేదాకా టెక్నీషియన్‌ని మెషీన్ విప్పనివ్వకండి. ఒకసారి విప్పి ఏదో ఒక పార్ట్ మార్చారంటే అది "రిపేర్ చేసిన మెషీన్" అయిపోతుంది, రీప్లేస్‌మెంట్ మాట అక్కడితో సరి.

చాలా దేశాల్లో చట్టం అమ్మినవాళ్లని అంత తేలిగ్గా వదలదు. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని 30 రోజుల్లోపు తిరిగిచ్చేసి డబ్బు అడగొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో కనీసం రెండేళ్ల పాటు బాధ్యత అమ్మినవాళ్లదే. మొదటి ఏడాదిలో బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది వాళ్లు. మీరున్న చోట ఏముందో ఈమెయిల్ పెట్టేముందు ఒక్కసారి చూసుకుంటే, ఆ చట్టం పేరు ఒక లైన్‌లో రాయొచ్చు. ఆ ఒక్క లైన్‌కి జవాబు స్వరం మారిపోతుంది.

వారంటీ ముందే అయిపోయినట్టు చూపిస్తోంది

కంపెనీ వెబ్‌సైట్‌లో గడువు మీ బిల్లు తేదీ నుంచి కాకుండా మెషీన్ ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన తేదీ నుంచి మొదలై ఉంటుంది. గోడౌన్‌లో నెలల తరబడి పడి ఉన్న స్టాక్‌కి ఇది మామూలే. బిల్లు కాపీ పంపి తేదీ సరిచేయమంటే చాలాసార్లు సరిచేస్తారు. ఈ పని లోపం వచ్చాక కాదు, కొన్న వారంలోనే చేసి పెట్టుకోవాలి.

"మా టెస్టుల్లో అన్నీ పాస్ అయ్యాయి, ఏ సమస్యా లేదు"

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే జవాబు ఇదే. ఎక్కువ మంది ఓడిపోయేదీ ఇక్కడే.

లక్షణం: ఇంట్లో రోజూ ఆగిపోయే మెషీన్ సర్వీస్ సెంటర్ టేబుల్ మీద బుద్ధిమంతుడిలా పనిచేస్తుంది. "నో ఫాల్ట్ ఫౌండ్" అని రాసి తిప్పి పంపిస్తారు.

కారణం: టెక్నీషియన్ అబద్ధం ఆడుతున్నాడని అనుకోనక్కర్లేదు. అతను నడిపేది కంపెనీ ఇచ్చిన డయాగ్నస్టిక్ ప్రోగ్రామ్. అది మెమరీ, డిస్క్, ఫ్యాన్ ఉన్నాయా, పలుకుతున్నాయా అని చూసి పచ్చ టిక్కు పెడుతుంది. వేడెక్కాక, లేదా గ్రాఫిక్స్ మీద బాగా లోడ్ పడ్డాక మాత్రమే వచ్చే లోపం ఆ కాసేపట్లో బయటపడదు. పైగా మెషీన్ తీసుకునేటప్పుడు వాళ్లు రాసే జాబ్ షీట్ మీద మీ ఫిర్యాదు "సిస్టమ్ సరిగా పనిచేయడం లేదు" అని మాత్రమే ఉంటే, అతను దేనికోసం వెతకాలి?

పరిష్కారం: జాబ్ షీట్ మీద ఆ లైన్ మీరే రాయించండి. ఇలా:

"ఛార్జర్ పెట్టి వీడియో కాల్ మాట్లాడుతుంటే సుమారు 20 నిమిషాలకి స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్ అవుతోంది. ఛార్జర్ తీసేస్తే రావడం లేదు. వీడియో ఇచ్చాను."

ఇలా రాస్తే అతను ఛార్జర్ పెట్టి 20 నిమిషాలు నడపక తప్పదు. నడపకుండా "ఓకే" అని రాస్తే, తర్వాత పైవాళ్లకి రాసేటప్పుడు ఆ కాగితమే మీ తరఫు సాక్షి. కౌంటర్‌లో కుర్రాడు "అంత పొడుగు రాయడానికి చోటు లేదండీ" అంటే, వెనక పేజీలో రాయమనండి, లేదా అక్కడే నిలబడి అదే విషయం వాళ్ల ఈమెయిల్‌కి పంపండి.

ఆధారాలు మెషీన్‌లోనే ఉంటాయి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూడండి. "కెర్నల్-పవర్ 41" అని ఉంటే మెషీన్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు, కానీ ఏ తేదీ, ఏ సమయం అన్నది చెబుతుంది. "డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్" పేరుతో ఎర్రర్లు ఉంటే ఇంకా గట్టి ఆధారం, అది హార్డ్‌వేర్ తన గురించి తానే చేసుకున్న ఫిర్యాదు. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మెమరీ మీద అనుమానం ఉంటే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ రాత్రంతా నడిపి, ఎర్రర్లు వస్తే ఫోన్‌తో ఫొటో తీయండి. బ్యాటరీ గొడవైతే విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో తయారీనాటి సామర్థ్యం, ఇప్పటి ఫుల్ ఛార్జ్ సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి.

ఒకటి గుర్తుంచుకోవాలి. లోపం నిజంగానే ఉండి, కంపెనీకే ఇంకా అంతుపట్టని సందర్భాలూ ఉంటాయి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల కథ అలాంటిదే. గేములు ఆడుతుంటే "వీడియో మెమరీ చాలడం లేదు" అని ఎర్రర్ వచ్చేది, జనం పాపం గ్రాఫిక్స్ కార్డును తప్పు పట్టేవారు. చివరికి 2024లో ప్రాసెసర్‌కి వోల్టేజ్ ఎక్కువ వెళ్తోందని ఇంటెల్ ఒప్పుకుని, మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ని లోపల నడిపే కోడ్) మార్చి, డబ్బాలో అమ్మిన ప్రాసెసర్లకి వారంటీ ఇంకో రెండేళ్లు పెంచింది. ఆపిల్ కూడా మ్యాక్‌బుక్ బటర్‌ఫ్లై కీబోర్డులకి 2018లో ప్రత్యేక సర్వీస్ ప్రోగ్రామ్ పెట్టింది, మొదట అమ్మిన తేదీ నుంచి నాలుగేళ్ల వరకు. కాబట్టి మీ మోడల్ పేరు, లోపం కలిపి వెతకండి. అలాంటి ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే మామూలు వారంటీ అయిపోయినా ఉచితంగా చేయొచ్చు, కానీ అడగందే ఎవరూ చెప్పరు.

"ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు"

లక్షణం: కీబోర్డు పనిచేయడం లేదని ఇస్తే, మూల దగ్గర సొట్ట ఉందనో లోపల తేమ తగిలిందనో చెప్పి మదర్‌బోర్డు ధర చేతిలో పెడతారు.

కారణం: ఈ మూడింట్లో ఏదో ఒకటి. నిజంగానే ఏదో ఒలికింది. లేదా పాత చిన్న సొట్టకీ ఇప్పటి లోపానికీ సంబంధం లేకపోయినా కలిపేశారు. లేదా డ్యామేజ్ వాళ్ల దగ్గరో కొరియర్‌లోనో జరిగింది.

పరిష్కారం మెషీన్ ఇచ్చే ముందే మొదలవుతుంది. ఆరు వైపులా, స్క్రీన్ ఆన్‌లో, మూత మడిచే కీలు దగ్గర, పోర్టుల లోపల ఫొటోలు తీయండి. జాబ్ షీట్‌లో "స్క్రాచెస్ ఉన్నాయి" అని గంపగుత్తగా రాస్తుంటే ఆపి, ఎక్కడ ఎంత గీత ఉందో అదే రాయమనండి. ఏమీ లేకపోతే "డ్యామేజ్ లేదు" అని రాయించి సంతకం పెట్టండి. ఖాళీ గడి ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

తిరస్కరించాక అయితే ఫొటో అడగండి. నీరు తగిలిందంటే ఏ చోట తగిలిందో చూపించాలి. చాలా మెషీన్ల లోపల చిన్న తెల్ల స్టిక్కర్లు ఉంటాయి, తడి తగిలితే అవి ఎర్రబడతాయి. అది ఎర్రబడి ఉంటే వాదించి లాభం తక్కువ. ప్రమాదవశాత్తు డ్యామేజ్‌కి విడిగా ప్లాన్ తీసుకున్నారేమో చూసుకోవడం మేలు. తెల్లగానే ఉంటే, "ఈ సొట్ట వల్ల ఈ లోపం ఎలా వచ్చిందో రాసివ్వండి" అని ఒక్క ప్రశ్న వేయండి. నోటితో ఈజీగా అనేసిన మాటని కాగితం మీద పెట్టడానికి చాలామంది వెనకాడతారు.

ర్యామ్ పెంచుకున్నారనో, వారంటీ సీల్ స్టిక్కర్ చిరిగిందనో వారంటీ పోయిందంటే కూడా ఇదే దారి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. దాని కింద, సీల్ స్టిక్కర్ చింపినా, వేరే కంపెనీ పార్టులు వాడినా వారంటీ పోతుందన్న తరహా షరతులు పెట్టిన ఆరు కంపెనీలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో హెచ్చరించింది. వేరే చోట్ల చట్టం వేరుగా ఉండొచ్చు. వాదన మాత్రం ఎక్కడైనా ఒకటే: మార్చిన భాగం వల్లే లోపం వచ్చిందని వాళ్లు చూపించాలి.

ఫోన్ చేసిన ప్రతిసారీ కథ మొదటి నుంచి

లక్షణం: కొత్త గొంతు, కొత్త టికెట్ నంబర్, మళ్లీ "రీస్టార్ట్ చేశారా అండీ?" పాత కేసు మీకు చెప్పకుండానే క్లోజ్ అయి ఉంటుంది.

కారణం: కాల్ తీసుకునే మనిషి ముందు ఒక స్క్రిప్టు ఉంటుంది. దాన్ని దాటే వీలు గానీ, రీప్లేస్‌మెంట్ ఇచ్చే అధికారం గానీ వాళ్లకి ఉండదు. తిడితే బీపీ పెరగడం తప్ప ఫలితం ఉండదు.

పరిష్కారం: కొత్త టికెట్ తెరవనివ్వకండి, పాతదే మళ్లీ తెరవమనండి. కాల్ అయిన వెంటనే "మీరు ఫలానా తేదీలోపు పార్ట్ వస్తుందన్నారు" అని అదే కేసు ఈమెయిల్‌కి జవాబుగా రాయండి. వాళ్లు కాదనకపోతే అది రికార్డ్. ఆ తర్వాత ఎస్కలేషన్ విభాగానికి (ఫిర్యాదు పైస్థాయిలో చూసేవాళ్లకి) ఒకే ఒక్క పేజీ: తేదీల వారీగా ఏం జరిగింది, జాబ్ షీట్ల కాపీలు, మీకేం కావాలి, ఏ తేదీలోపు. కోపం, వ్యంగ్యం అన్నీ తీసేయండి. ఆ పేజీ రేపు వినియోగదారుల ఫోరంలో పెట్టాల్సి వస్తే ఒక్క అక్షరం మార్చే పని ఉండకూడదు.

మదర్‌బోర్డు మార్చారు, కొత్త సమస్య తెచ్చారు

మెషీన్ ఇంటికొచ్చింది. ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). డిస్క్‌ని తెరిచే తాళం పాత బోర్డులోని టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉండిపోయింది, అందుకే ఇలా. మీరు ఎన్‌క్రిప్షన్ పెట్టుకోలేదే అనుకోవచ్చు. కానీ విండోస్ 11 చాలా మెషీన్లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, తనంతట తానే పెట్టేస్తుంది. ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి చూస్తే కీ దొరుకుతుంది. రిపేర్‌కి ఇచ్చేముందే కీ రాసి పెట్టుకోవడం, మెషీన్ ఇంకా ఆన్ అవుతుంటే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయడం మంచిది.

పలుచటి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది, బోర్డు మారితే డేటా పోయినట్టే. బ్యాకప్ లేకుండా ఇవ్వకండి. పాస్‌వర్డ్ అడిగితే మీ అకౌంట్‌ది ఇవ్వొద్దు, వేరే అకౌంట్ తెరిచి దానిది ఇవ్వండి.

ఇంకోటి చాలామంది గమనించరు. కొత్త బోర్డులో సీరియల్ నంబర్ రాయడం టెక్నీషియన్ మర్చిపోతుంటారు. బయాస్‌లో ఆ చోటు ఖాళీగా గానీ వేరే నంబర్‌తో గానీ ఉంటే తర్వాతి రిపేర్‌లో "ఈ మెషీన్ మా రికార్డుల్లో లేదు" అంటారు. కౌంటర్ దగ్గరే ఆన్ చేసి చూసుకుని, అప్పుడే డెలివరీ సంతకం పెట్టండి.

అదే లోపం మళ్లీ మళ్లీ, లేదా పార్ట్ ఎప్పటికీ రాదు

కారణం చాలాసార్లు షరతుల్లోనే ఉంటుంది. "కొత్త లేదా రీఫర్బిష్ చేసిన పార్టులు వాడతాం" అని రాసి ఉంటారు. అంటే మీకు పెట్టింది ఇంకొకరి మెషీన్‌లోంచి తీసి బాగుచేసిన బోర్డు కావచ్చు.

ఈ దశలో రిపేర్ అడగడం మానేసి రీప్లేస్‌మెంట్ లేదా రీఫండ్ అడగాలి. బ్రిటన్‌లో ఒక రిపేర్ విఫలమైతే చాలు, మెషీన్ తిరిగిచ్చేయొచ్చు. ఆస్ట్రేలియాలో పెద్ద లోపమైతే రీఫండా, కొత్తదా అన్నది కొన్నవాళ్ల ఇష్టం. భారత్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు.

కార్డుతో కొని ఉంటే బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి తెప్పించుకోవడం, కూడా ఒక దారి. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా రకాల వివాదాలకి గడువు 120 రోజులు, కొన్ని బ్యాంకులు ఇంకా ముందే అడగమంటాయి. సర్వీస్ సెంటర్ "ఇంకో వారం" అంటూ తిప్పుతుంటే ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. బ్యాంకు అడిగేది కూడా ఆ పాత జాబ్ షీట్లే, అమ్మినవాళ్లకి పెట్టిన మొదటి ఈమెయిలే.