మలయ్ ఉలమాల వంశం వెతకాలంటే ముందు పేరు విప్పండి

మలేషియా, ఇండోనేషియా వైపు పాత ఇస్లామిక్ పండితుల వంశం వెతికేవాళ్లు నెట్‌లో ప్రవక్త దాకా వెళ్లే పొడుగాటి పేర్ల చైన్ దొరగ్గానే సేవ్ చేస్కుని పని అయిపోయిందనుకుంటారు, అది వద్దు. మీరు వెతికే పండితుడి పూర్తి పేరు పట్టుకుని కూర్చోండి, సగం పని అక్కడే అవుద్ది.

నూరుద్దీన్ అర్ రానీరీ గారినే తీస్కోండి, 1637లో సుమత్రా దీవిలోని ఆచే రాజ్యానికి వెళ్లి సుల్తాన్ ఇస్కందర్ థానీ దర్బారులో చక్రం తిప్పినాయన. పూర్తి పేరు నూరుద్దీన్ ముహమ్మద్ బిన్ అలీ బిన్ హసన్‌జీ బిన్ ముహమ్మద్ అల్ హమీద్ అర్ రానీరీ. బిన్ అంటే కొడుకు, దాని దగ్గర విరగ్గొట్టుకుంటూ పోతే తండ్రి అలీ, తాత హసన్‌జీ, ముత్తాత ముహమ్మద్. తాత పేరు చివర ఆ "జీ" చూశారా, గుజరాత్ గాలి తగిలింది! రానీరీ అంటే సూరత్ దగ్గరి రాందేర్ ఆయన అని. ఊరు గుజరాత్‌దే గానీ మూలాలు మాత్రం యెమెన్‌లోని హద్రమౌత్, మన హైదరాబాద్ బార్కస్‌లో ఉండే అరబ్ కుటుంబాల్లో చాలామందిది కూడా ఆ ప్రాంతమే. అందుకే చివర్లో ఉన్న ఊరి పేరు చూసి జాతి తేల్చేయకండి.

పేరులో జావీ, అంటే జావా ఆయన అని ఉంటే ఇంకా జాగ్రత్త. మక్కాలో మలయ్, ఇండోనేషియా వైపు నుంచి వచ్చిన అందర్నీ జావీలనే అనేవాళ్లు, సుమత్రా ఆయన అబ్దుర్రవూఫ్ సింకిలీ పేరులో కూడా అల్ జావీ ఉంటది. దక్షిణ థాయ్‌లాండ్‌లోని పటానీ, దాని పక్కనే మలేషియాలో ఉన్న కెలంతాన్ వైపైతే పేరు ముందు వాన్, నిక్ లాంటివి చూడండి, అవి ఇంట్లో తండ్రి నుంచి పిల్లలకి వచ్చేవి. పటానీ పండితుడు దావూద్ ఫతానీ తండ్రి వాన్ అబ్దుల్లా, తాత వాన్ ఇద్రీస్.

అందరూ బోల్తా పడేది సిల్సిలా దగ్గర. అది గురువుల వరస, రక్తసంబంధం కాదు, రక్తానిది నసబ్. రానీరీ సిల్సిలాలో బా షైబాన్ అని హద్రమౌత్ మూలాలున్న గురువు వస్తాడు, ఇద్దరిదీ ఒకే ప్రాంతం కదా అని ఆయన్ని తీస్కెళ్లి వంశవృక్షంలో అతికించారనుకోండి, చెట్టు మొత్తం పాడైపోద్ది. చిన్నాన్నలు, మేనమామలు మాత్రం పనికొస్తారు, రానీరీ చిన్నాన్న వరస ముహమ్మద్ జీలానీ 1580ల్లోనే ఆచేలో పాఠాలు చెప్పాడు, ఆ సంగతి రానీరీ రాసిన బుస్తాన్ అస్ సలాతీన్ పుస్తకంలోనే ఉంది. అంటే ఈయన కొత్త దేశానికి వెళ్లలేదు, ఇంట్లో వాళ్లు ముందే తొక్కిన దారినే వెళ్లాడు.

తర్వాత లెక్క. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే దగ్గర దగ్గరగా మన సంవత్సరం వస్తది, 1047 పెట్టి చూడండి, 1637 వస్తది. తరానికి ఓ ముప్పై ఏళ్లు వేస్కుని చైన్ మొత్తం కొలవండి, మూడు వందల ఏళ్లకి నాలుగే పేర్లుంటే మధ్యలో ఎవరో ఎగిరిపోయినట్టే. సయ్యద్ కుటుంబాలకైతే, అంటే ప్రవక్త వంశం వాళ్లమని చెప్పుకునేవాళ్లకి, 1928లో బటావియాలో (ఇప్పటి జకార్తా) పెట్టిన రాబితా అలవియా అనే సంస్థ దగ్గర నసబ్ రికార్డులుంటాయి, కానీ అదొక్కటే చూసి ఆపకండి.

ఇంకోటి, బిన్‌ల చైన్‌లో అమ్మలు కనపడరు. హద్రమౌత్ మగాళ్లు ఎక్కువగా ఒంటరిగానే మలయ్ వైపు వచ్చి అక్కడి ఇళ్లల్లో పెళ్లిళ్లు చేస్కున్నారు, కాబట్టి సగం వంశం అమ్మ వైపు లోకల్‌దే. దానికి వక్ఫ్ కాగితాలు, సమాధి రాళ్లు, దర్బారు చరిత్రలు తిరగేయాలి, అవన్నీ ఎక్కువగా జావీ లిపిలో, అంటే అరబిక్ అక్షరాల్లో రాసిన మలయ్‌లో ఉంటాయి, అరబిక్ అక్షరాలొస్తే ఇంకో ఐదారు నేర్చుకుంటే చాలు.