పేడ లెక్క, నాలుగో పాఠం: అరవై బస్తాలు ఎక్కడివి?

ఈసారి గేదెల మూత్రం గురించి మాత్రమే చెప్పాలనుకున్నాను. మీరు పంపిన లెక్కలు చూశాక, సగం పాఠం మళ్లీ పేడ దగ్గరే గడిచేలా ఉంది.

పోయినసారి ఇచ్చిన లెక్క ఇది. పది ముర్రా గేదెలు, ఒక్కొక్కటి రోజుకు 20 కిలోల పేడ, నత్రజని 1.7 శాతం. ఏడాదికి పేడలో వచ్చే నత్రజని ఎన్ని యూరియా బస్తాలకు సమానం? ఎక్కువమందికి అరవై వచ్చింది. కల్వకుర్తి వైపు నుంచి ఒకాయన, "సార్, నా కొట్టంలోనే అరవై బస్తాలుంటే, యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి తెల్లవారేదాకా నేను ఎందుకు కాపలా కాసినట్టు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

అరవై కాదు, పన్నెండు.

ఇందులో నా తప్పూ ఉంది. 1.7 శాతం అన్నది ఎండు బరువు మీద లెక్క అని వాక్యం చివర రాశాను. వాక్యం చివరిదాకా చదివేవారు తక్కువని ఇన్నేళ్లకైనా నాకు తెలిసి ఉండాలి. తడి పేడలో అయిదింట నాలుగు వంతులు నీళ్లే. 20 కిలోల పేడలో ఎండు పదార్థం 4 కిలోలు. దానిలో 1.7 శాతం అంటే 68 గ్రాముల నత్రజని. పది గేదెలకు, 365 రోజులకు 248 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. భాగిస్తే పన్నెండు. మీరు 1.7 శాతాన్ని నేరుగా 20 కిలోలకు వేశారు, అంటే నీళ్లలో కూడా ఎరువు ఉందనుకున్నారు.

పిడకలు చేసిన చేతులకు ఇది చెప్పనక్కర్లేదు. కిలో పేడ తట్టి గోడకు కొడితే, ఎండాక చేతికి వచ్చే పిడక పావు కిలో కూడా తూగదు. పోయినవి నీళ్లు. అయిదు లీటర్ల పాలు మరిగిస్తే కిలో కోవా వస్తుంది. కోవాలోని మాంసకృత్తుల శాతాన్ని చెంబుడు పాలకు అంటగట్టి చూడండి, ఏ పాలకేంద్రమూ ఒప్పుకోదు. పండుమిర్చి ధర, ఎండుమిర్చి ధర ఒకటేనని ఎవరైనా అంటే మీరు నవ్వుతారు కదా. పేడ దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఎటు పోతుందో.

ఈ తప్పు మీద నాకు ఇంత కోపం ఎందుకంటే, దీనితో డబ్బు పోతుంది. పశువుల ఎరువు ట్రాలీ లెక్కన అమ్ముతారు. శ్రావణంలో వానకు నానిన ట్రాలీ, వైశాఖంలో ఎండిన ట్రాలీ ఒకే ధర. మొదటి దానిలో మీరు కొంటున్నది ఎక్కువగా వాన నీళ్లు. కోళ్ల ఎరువు అమ్మేవారు చూపించే పరీక్ష కాగితంలో శాతాలు ఎండు బరువు మీద ఉంటాయి, లారీలో వచ్చే సరుకు మాత్రం తడిగా ఉంటుంది. కాగితం మీద 'తేమ' అన్న గడి చూడకుండా డబ్బులు ఇవ్వకండి. ఆ గడి లేని కాగితం నా దృష్టిలో చిత్తు కాగితమే. ఇక నా అడ్డదారి: తడి పేడ కనిపిస్తే ముందు అయిదుతో భాగిస్తాను, తర్వాతే మాట్లాడతాను.

ఇప్పుడు మూత్రం.

గేదె రోజుకు పది లీటర్లు పోస్తుందనుకుందాం. లీటరుకు 8 గ్రాముల నత్రజని వేసుకుంటే 80 గ్రాములు. పేడలో ఉన్నది 68. పది గేదెలకు ఏడాదికి 292 కిలోలు, అంటే పద్నాలుగు బస్తాలు. మనం గంపకెత్తి, దిబ్బకు మోసి, భద్రంగా దాచుకునేది పన్నెండు బస్తాలు. పైపు పెట్టి కడిగి వదిలేసేది పద్నాలుగు. పొటాష్ కూడా ఎక్కువగా మూత్రంలోనే పోతుంది. భాస్వరం ఒక్కటే పేడను అంటిపెట్టుకుని ఉంటుంది.

తెల్లవారి కొట్టం తలుపు తీయగానే ముక్కు చుర్రుమని, కళ్లు నీళ్లు పెట్టుకుంటాయి చూడండి, అదే పోతున్న యూరియా. మూత్రంలోని యూరియాకు పేడలోని యూరియేజ్ అనే ఎంజైము తగిలితే అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. మన ఎండలకు ఒకటి రెండు రోజుల్లో పని పూర్తవుతుంది. కాబట్టి మూత్రాన్ని ఆ రోజే దేనిలోనైనా ఇంకించాలి. పుస్తకాలు వరిగడ్డి పరచమంటాయి. గడ్డి తన బరువుకు దాదాపు రెండింతల తడి పీలుస్తుంది, అంటే గేదెకు రోజుకు నాలుగైదు కిలోలు కావాలి. మేతకే చాలని గడ్డిని కింద ఎవరు పరుస్తారు? వనపర్తి, గద్వాల వైపు ఉన్నవారికి వేరుశనగ పొట్టు దొరుకుతుంది, అదృష్టవంతులు. నాకు మాత్రం మట్టే ఇష్టం. వేసవిలో చెరువు మట్టి ఒక ట్రాలీ తోలించి, ఎండబెట్టి, గేదెల వెనక కాళ్ల కింద జానెడు మందం పరుస్తాను. తడిసిన మట్టి తీసి దిబ్బలో వేస్తాను, కొత్తది పోస్తాను. దానిమీద రోజూ గుప్పెడు సూపర్ ఫాస్ఫేట్ చల్లితే, అందులోని జిప్సం అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. మట్టి నేల అయితే పొదుగు వాపు వస్తుందని కొందరంటారు. తడిసింది తీయకపోతే నిజంగానే వస్తుంది, తీయండి.

సున్నం మాత్రం చల్లకండి. వాసన పోతుందని చాలామంది చల్లుతారు. సున్నం తగలగానే అమ్మోనియా ఇంకా త్వరగా ఎగిరిపోతుంది. వాసన పోయిందంటే సరుకు పోయిందన్నమాట. క్రిమిసంహారం కోసం వేయాలంటే పేడ, మూత్రం తీసి, కడిగి, ఆరిన నేల మీద వేయండి.

నేల వాలు, కాలువ కట్టడం లాంటివి చెప్పను. అవి మీకు తెలుసు.

కొట్టం కడుగు నీళ్లను సూపర్ నేపియర్ గడ్డికి వదులుతున్నామని తొమ్మిదిమంది గర్వంగా రాశారు. మంచిదే. ఎన్ని గుంటల (ఎకరానికి నలభై గుంటలు) నేపియర్ అని అడిగితే ఎనిమిది, పది అన్నారు. ఇక్కడ ఆగుదాం. బాగా పెరిగిన నేపియర్ ఎకరానికి ఏడాదికి సుమారు 200 కిలోల నత్రజని తీసుకుంటుంది. పది గుంటలకు 50 కిలోలు. మీ పది గేదెల మూత్రంలో 292 ఉంది. సగం గాలిలో పోయిందనుకున్నా 146 కిలోలు ఆ పది గుంటల్లోకే చేరుతున్నాయి. గడ్డి తిన్నాక మిగిలేది దాదాపు 100 కిలోలు. కొంత మట్టిలోనే వాయువులుగా మారుతుంది, వాటిలో ఒకటైన నైట్రస్ ఆక్సైడ్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 270 రెట్లు. మిగతాది నైట్రేటుగా మారి నీటితోపాటు కిందికి దిగుతుంది. మన చెలక నేలలు పలుచన, కింద గ్రానైటు పగుళ్లు. బోరుకు నీళ్లు వచ్చే దారి కూడా అదే.

తాగేనీటిలో నైట్రేటుకు మన దేశ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. 100 కిలోల నత్రజని మొత్తం నైట్రేటయితే 443 కిలోలు. దాన్ని ఆ పరిమితికి పలచన చేయాలంటే 98 లక్షల లీటర్ల నీళ్లు కావాలి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు రెండు వేలు.

నీళ్ల గండం గురించి నల్లగొండ వాళ్లకు నేను చెప్పాలా? మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడు నీళ్లతో వంగిన కాళ్లు, వంకర తిరిగిన వెన్నులు చూసినవాళ్లం. కానీ ఆ ఫ్లోరైడు రాతిలోంచి వచ్చింది, అందులో మన చేయి లేదు. నైట్రేటు మన కొట్టంలోంచి దిగింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తేర్చే పద్ధతికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 'నల్లగొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టింది. దానితో నైట్రేటు పోదు. కాచితే పోతుందనుకుంటారు, అసలే పోదు. నీళ్లు ఆవిరవుతాయి, నైట్రేటు గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు పసిపిల్లలకు డబ్బాపాలు ఆ నీళ్లతో కలిపితే రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలం పడుతుంది. మా కొట్టం పక్క బోరు నీళ్లు ఒకసారి పరీక్షకు ఇచ్చాను. పరిమితికి రెట్టింపు ఉంది. అప్పటికి నాలుగేళ్లుగా మా నేపియర్ పచ్చదనం చూసి ఊరంతా మెచ్చుకుంటోంది.

ఆ ముదురు పచ్చదనాన్ని కూడా అనుమానించండి. నత్రజని ఎక్కువై, వాన మొహం చాటేసినప్పుడు గడ్డిలోనే నైట్రేటు పేరుకుంటుంది. జొన్న పిలకలు మేసి పశువు పడిపోవడం మనకు తెలుసు. అది వేరే విషం. ఇది మేసినా పడిపోతుంది, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. కాబట్టి కడుగు నీళ్లను ఒకే మడికి వదలకండి. గొట్టాన్ని వారానికో దిక్కుకు తిప్పండి, పక్క చేను వారిదైనా సరే, అడిగి.

దాణాలో వేరుశనగ చెక్క ఎక్కువ వేస్తే మూత్రంలో నత్రజని ఎలా పెరుగుతుందో అయిదో పాఠంలో.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే. ఒక గేదెను ఎంచుకుని, వారం రోజులు, రోజుకు ఇరవైనాలుగు గంటల మూత్రం కొలవండి. ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోండి. పడుకున్న గేదె లేవగానే పోస్తుంది కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికే బకెట్‌తో సిద్ధంగా ఉండాలి. కిలో పేడ రేకు మీద నాలుగు రోజులు ఎండబెట్టి తూచండి. కడుగు నీళ్లు ఎన్ని గుంటలకు పారుతున్నాయో అడుగులతో కొలిచి, బోరు ఎంత దూరమో కాగితం మీద గీయండి. బోరు నీళ్లు ఇప్పుడొకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి నైట్రేటు పరీక్షకు ఇవ్వండి.

గేదె బకెట్ తన్నేస్తే ఆ రోజు గడి ఖాళీగా వదిలేయండి. అంచనాతో నింపకండి. పోయినసారి పేడ తూకంలో ఇద్దరు అలాగే నింపారు. ఏడు రోజులూ సరిగ్గా ఇరవై కిలోలే వేసిన గేదెను నేనింతవరకు చూడలేదు.