పేల మందు రెండోసారి ఎందుకు, ఎప్పుడు రాయాలి

మందు రాస్తే పేలు చస్తాయి, ఈపులు చాలావరకు బతికే ఉంటాయి. తలస్నానం చేయించి అయిపోయిందనుకున్న ఇంట్లో పది రోజులకు పిల్ల మళ్ళీ తల గోక్కునేది అందుకే.

ఆడ పేను రోజుకు 6 నుంచి 8 దాకా గుడ్లు పెడుతుంది, ఒక్కోదాన్ని వెంట్రుక మొదట్లో జిగురుతో అతికిస్తుంది. 7–10 రోజుల్లో పిల్ల పేను బయటికొస్తుంది. అది మూడుసార్లు కుబుసం విడిచి, మరో 9–12 రోజులకు పెద్దదై గుడ్లు మొదలెడుతుంది. నెల రోజులు బతుకుతుంది.

ముందు అసలు ఉన్నాయో లేదో చూడండి. చెవుల వెనక, మెడ పైన పాయ తీసి, తెల్లగా కనబడినదాన్ని గోటితో లాగండి. జారిపోతే చుండ్రు. కదలకపోతే ఈపి. మాడుకు అంటుకున్నట్టు గోధుమరంగులో ఉంటే లోపల పిల్ల ఉండొచ్చు. వేలెడు దూరంలో తెల్లగా ఉంటే అది ఖాళీ పెంకే, దానికి మందు అక్కర్లేదు.

మెడికల్ షాపులో 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ అడగండి. మన ఇళ్ళలో తప్పు జరిగేది ఇక్కడే: కొబ్బరినూనె ఉన్న తలకే రాసేస్తారు. నూనె అడ్డుపడితే మందు పేనుకు అందదు. మామూలు షాంపూతో నూనె వదలగొట్టండి, కండిషనర్ వద్దు. టవల్‌తో తడి ఒత్తి, మాడు నుంచి కొసలదాకా పట్టించి, సరిగ్గా 10 నిమిషాలకు కడిగేయండి. 9వ రోజున మళ్ళీ ఇలాగే. ఈలోపు పొదిగిన పిల్లలు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే దొరుకుతాయి.

మధ్యలో మూడు రోజులకోసారి, తడి జుట్టుకు కండిషనర్ రాసి పేల దువ్వెన వేయండి. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికేదైనా సరే, పళ్ళ మధ్య సందు సన్నగా, పళ్ళు వంగకుండా ఉండాలి. సన్న పాయలుగా తీసి, ప్రతి దువ్వుకూ తెల్ల గుడ్డకు తుడిచి చూడండి. జడలు పొడుగైతే గంట పడుతుంది, ఓపిక పట్టాల్సిందే.

కిరోసిన్ మాత్రం పోయకండి. మాడు కాలుతుంది, పొయ్యి దగ్గరికెళ్తే ప్రాణానికే ముప్పు.

పేను ఎగరదు, దూకదు. తలా తలా తగిలితే పాకుతుంది. కాబట్టి అదే రోజు ఇంట్లో అందరి తలలూ చూడండి, పేలున్నవాళ్ళందరికీ ఒకేసారి రాయండి. తల వదిలిన పేను రెండు రోజుల్లో చస్తుంది. దిండు గలేబులు, దువ్వెనలు వేడినీళ్ళలో వేస్తే చాలు, ఇల్లంతా మందు కొట్టనక్కర్లేదు.