ఆటల సర్వర్ కడదాం – 5: కొండమీద జనం

100 మందికి సరిపోయే సర్వర్‌ను రెట్టింపు చేస్తే ఎంతమంది పడతారన్న పోయిన పాఠంలో లెక్క చాలామందికి తప్పింది. తప్పులో నాకూ వాటా ఉంది. ఆట మ్యాపును గడులుగా కోస్తే సర్వర్ భారం తగ్గుతుందని రాశాను, ఎప్పుడు తగ్గదో రాయలేదు. కాబట్టి డేటాబేస్ సంగతి వచ్చే పాఠానికి జరిగింది.

మ్యాపును విశాఖ అనుకోండి. మామూలు రోజున గాజువాకలో తిరిగేవాడి కదలికను మధురవాడ వాడికి పంపనక్కరలేదు. గడుల ఉపయోగం అదే. చందనోత్సవం నాడు అందరూ సింహాచలం కొండెక్కితే? ఊళ్లోని గడులన్నీ ఖాళీ, ఒక్క గడిలో ఇసుక వేస్తే రాలదు. దాన్ని నాలుగు ముక్కలు చేసినా వరుసలో ముందున్నవాడు కనిపిస్తూనే ఉంటాడు. కనిపించేవాడి కబురు పంపక తప్పదు.

ఇక నాకు ఒళ్లు మండించిన జవాబు: "100 మందికి సరిపోయే సర్వర్‌ను రెట్టింపు చేస్తే 200 మంది పడతారు." పడరు. ఒక్కొక్కరి కదలిక మిగతా 99 మందికీ చేరాలి. అంటే టిక్కుకు (సర్వర్ ఆటను ఒక్కసారి ముందుకు జరిపే అడుగుకు) 9,900 కబుర్లు. సెకనుకు 20 టిక్కులైతే 1,98,000. 200 మందికి టిక్కుకు 39,800, అంటే నాలుగు రెట్లు. రెట్టింపు సర్వర్‌లో పట్టేది 141 మంది. డబ్బు రెండింతలు, జనం ఒకటిన్నర రెట్లు కూడా కాదు. కబుర్లన్నీ ఒకే ప్యాకెట్లో కట్టి పంపుతామన్నారు కొందరు. మూటలు తగ్గుతాయి, మూటలో బరువు అక్కడే ఉంటుంది.

గడిని రెండు యంత్రాలకు పంచడం నాకు నచ్చదు. సరిహద్దుకు ఇటువాడు అటువాడిని కొడితే దెబ్బ తగిలిందో లేదో రెండు యంత్రాలూ ఒప్పుకోవాలి, జనమేమో సరిగ్గా సరిహద్దు మీదే నిలబడతారు. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల ఆటను నడిపేవాళ్లు ఆటలో కాలాన్నే నెమ్మది చేశారు. 2014 జనవరిలో జరిగిన ఒక మహాయుద్ధంలో ఆట పదో వంతు వేగానికి దిగి, పోరు దాదాపు 21 గంటలు సాగింది.

నేను చేసేది వేరు. దగ్గరి 15 మంది కదలికలు ప్రతి టిక్కుకూ, మిగతా 84 మందివి పది టిక్కులకొకసారి పంపుతాను. దూరపువాడు కాస్త తడబడుతూ నడిచినా ఎవరూ గమనించరు. 9,900 కాస్తా సగటున 2,340 అవుతుంది.

అభ్యాసం: ఇదే పద్ధతిని 1,000 మందికి కాగితం మీద లెక్కగట్టండి. కోడ్ వద్దు. మంది పదింతలైతే పని ఎన్నింతలైంది? వర్గం (మందిని మందితో గుణించడం) ఇంకా ఎక్కడ దాక్కుందో వేలుపెట్టి చూపండి.