రీసెర్చ్ పేపర్‌ను ప్రశ్నిస్తూ చదవడం ఎలా?

పీహెచ్‌డీలో కొత్తగా చేరిన చాలామంది పేపర్ చదవడమంటే మొదటి పేజీ నుంచి చివరిదాకా హైలైటర్ పులమడమే అనుకుంటారు. తీరా గైడ్ "ఇందులో నువ్వు ఒప్పుకోనిదేంటి?" అని అడిగితే నోట మాట రాదు. పెద్ద జర్నల్, పెద్ద పేర్లు, మనమెంత అనే జంకు ఒకటి. అది పోవాలంటే చదివే వరస మార్చాలి.

ముందు అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) చూసి, వీళ్లు ఏం తేల్చామంటున్నారో ఒక్క వాక్యంలో మీ మాటల్లో రాయండి. తర్వాత డిస్కషన్ (ఫలితాలకు రచయితలు చెప్పే అర్థం) జోలికి పోకుండా నేరుగా పట్టికలు, గ్రాఫులు చూడండి, మీకేం తోచిందో రాసుకున్నాకే రచయితల వివరణ చదవండి, ఎందుకంటే వాళ్ల మాట ముందే చెవిన పడితే అంకెలు కూడా అలాగే కనిపిస్తాయి. "ముప్పు 50 శాతం తగ్గింది" అని ఉంటే ఎంతమందిలో అని అడగండి. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికే వచ్చినా అది 50 శాతమే.

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది మెథడ్స్ మీద, అంటే పని ఎలా చేశారో చెప్పే భాగం మీద, మనవాళ్లు ఎగరగొట్టేసేదీ దాన్నే. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు, సగటు ఎలా కట్టారు? 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన సంపన్న దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని రాశారు. మసాచుసెట్స్ యూనివర్సిటీలో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ క్లాసు అసైన్‌మెంట్ కోసం ఆ లెక్క మళ్లీ వేస్తే ఆ అంకె రాలేదు, దాంతో రచయితలనే అడిగి ఎక్సెల్ షీట్ తెప్పించుకున్నాడు. చూస్తే ఫార్ములా ఐదు దేశాలను వదిలేసింది. లోకమంతా ఆ ఎక్సెల్ తప్పు గురించే చెప్పుకుంది గానీ, అసలు తేడా తెచ్చినవి వేరే: కొన్ని ఏళ్ల డేటా కలపలేదు, పైగా న్యూజిలాండ్‌లో ఒక్క ఏడాది వచ్చిన మైనస్ 7.6 శాతానికీ, బ్రిటన్ 19 ఏళ్ల సగటుకూ లెక్కలో సమాన ప్రాధాన్యం ఇచ్చారు. 2013లో హెర్న్‌డన్ ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి సరిచేస్తే ఆ సగటు వృద్ధి 2.2 శాతమని తేలింది.

అలాగని తప్పు దొరికింది కదా అని పేపర్ మొత్తాన్ని చెత్తబుట్టలో వేయకండి. సరిచేసిన లెక్కలోనూ అప్పు ఎక్కువున్న చోట వృద్ధి కాస్త తక్కువే. దొరికిన లోపం వల్ల ముగింపు తలకిందులవుతుందా, కొంచెం పలచబడుతుందా, అసలేమీ మారదా అన్నది తేల్చడమే మీ పని.

సైటేషన్లు, అంటే పేపర్‌లో ఆధారంగా చూపే వేరే పేపర్లు, కూడా గుడ్డిగా నమ్మకండి. మీ వాదనకు ఆయువుపట్టు లాంటి రెండు మూడింటినైనా తెరిచి, అక్కడ నిజంగా ఆ మాటే ఉందో లేదో చూడండి, ఆ పేపర్ రిట్రాక్ట్ అయిందేమో (జర్నల్ వెనక్కి తీసుకుందేమో) కూడా, అలాంటి పేపర్ల జాబితా ఉండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో వెతకండి.

డిపార్ట్‌మెంట్‌లో జర్నల్ క్లబ్ (కలిసి పేపర్లు చదివి చర్చించుకునే బృందం) లేకపోతే ఒక స్నేహితుణ్ణి పట్టుకోండి. ఒకరు పేపర్‌ను వెనకేసుకొచ్చి, ఇంకొకరు దాన్ని దులిపేయాలి, సగంలో పక్షాలు మార్చుకోవాలి.